వంటింటి మచ్చుకత్తి

మచ్చుకత్తిని గురించి రేడియోలో ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. వంటకములను గురించి చెప్పువారు పలువురు కలరు. పాత్రలను గురించి చెప్పువారును కలరు. కత్తిని గురించి మాత్రము ఎవరును ప్రస్తావింపరు. అది తలుపు మూలనో అటకమీదనో పడియుండును. ఏడాదికి నాలుగైదు పండుగలకు దానితో పని పడును. ఆనాటికి దానికి పదును ఉండదు, పిడి కదలుచుండును, మొద్దు ఎక్కడ ఉన్నదో ఎవరికిని జ్ఞాపకముండదు. ఇంటినిండ చుట్టములు, పొయ్యిమీద ఎసరు, చేతిలో మొండికత్తి. వ్రేలు తెగునది అట్టి పూటనే.

మా ఇంట జరిగిన సంగతి ఒకటి చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట కనుమనాడు పొట్టేలి కాళ్లు తెచ్చి కొట్టుచుంటిమి. కత్తి కొత్తది, తిరునాళ్లలో కొన్నది. అద్దమువలె మెరయుచుండెను. పిడికి ఎఱ్ఱరంగు పూసి, నడుమ ఇత్తడి పూవు బిగించియుండిరి. మూడవ దెబ్బకో నాలుగవ దెబ్బకో అలుగు పిడినుండి ఊడి పైకి లేచెను. గడపకు ఆవల పుల్లలతో ఆడుకొనుచున్న మా చిన్నపిల్లకు జానెడు దూరమున పడి, నేలలో గ్రుచ్చుకొని నిలిచెను. పిల్ల నవ్వెను. మాకు కాళ్లును చేతులును చల్లబడెను. ఆ పూట ఇంటిలో పాయ ఉడుకలేదు. సంగటిముద్దలోనికి వేరుసెనగల పచ్చడి నూరుకొని తింటిమి.

మరునాడు ఆ రెండు తునుకలను గుడ్డలో చుట్టుకొని కమ్మరి కొలిమికి పోతిమి. అతడు వృద్ధుడు. మా జేజినాయన కాలమునుండి మా ఇంటి నాగళ్లకు కఱ్ఱులు సాగగొట్టినవారి వంశమువాడు. అలుగును త్రిప్పి చూచి నవ్వినాడు. "సామీ, దీనికి తోక అంగుళం గూడా లేదు. పిడిలోకి యింత లక్క పోసి అతికిచ్చినారు, అంతే. ఇది కాళ్లు కొట్టను కాదు, కాయలు కొయ్యను కాదు. గోడకు తగిలిచ్చుకుంటే బాగుంటాది" అనెను. ఈ ప్రసంగములో మేము చెప్పబోవు విషయములలో సగము ఆ కొలిమివద్ద కూర్చుండి నేర్చుకొన్నవే.

మొదట పేర్లను గురించి ఒక మాట. మన ప్రాంతపు ఇండ్లలో కోతకు నాలుగు విధములైన పనిముట్లు వాడుకలో ఉండెడివి. కూరగాయలకు కత్తిపీట, దీనినే ఈలపీట యనియు అందురు. ఎముకకును టెంకాయకును మచ్చుకత్తి. మామిడికాయలకు పలకమీద బిగించిన పచ్చళ్ల కత్తి. జాతరకో దేవరకో వేటను కొట్టుటకు వేటకొడవలి. 2022లో జిల్లాలను విడదీసినపుడు కర్నూలునుండి నంద్యాల వేరుపడెను, కడపలోని కొంత భాగము అన్నమయ్య జిల్లాలో చేరెను. వంటింటి మాటలకు ఆ హద్దులు లేవు. నంద్యాలలో మచ్చుకత్తి యన్నను రాయచోటిలో మచ్చుకత్తి యన్నను వస్తువు ఒక్కటే.

కత్తిని కొనునపుడు కన్నుకంటె చేయి మంచి సాక్షి. చేతబట్టి బరువు చూడవలెను. ఇంటి వాడుకకు అరకిలోకు పైబడి, కిలోకు లోబడియున్న కత్తి చాలును. కసాయివాని కత్తి మనకెందుకు? అతడు దినమునకు నూరుసార్లు ఎత్తి దించువాడు, అతని భుజము వేరు. బరువు అలుగు ముందుభాగమునకు ఒరిగియుండవలెను. అట్లున్నచో కత్తి తన బరువుతో తానే దిగును, మనము బలముపెట్టి మోదనక్కరలేదు. వీపు మందము నాలుగైదు మిల్లీమీటర్లకు తగ్గినచో ఎముకమీద వంగును. పదును అంచును కంటికెదురుగా పెట్టుకొని వెలుతురులో చూడవలెను. అంచుమీద తెల్లగా మెరుపుచుక్కలు కనబడినచో అక్కడ మొండియైనదనియో విరిగినదనియో అర్థము. అలుగును దారమునకు వ్రేలాడగట్టి నాణెముతో మీటినచో గంటవలె మ్రోగవలెను. బొద్దుగా, పగిలిన కుండవలె పలికినచో లోపల ఎక్కడనో బీట ఉన్నదని అనుమానింపవలెను. ఈ పరీక్షలు ఏవియు ఫోనులో బొమ్మను చూచి తెప్పించుకొను కత్తికి చెల్లవు. ఆ బొమ్మలో తోక ఎంత ఉన్నదో ఎవరికి కనబడును?

తోకయనగా అలుగునుండి పిడిలోనికి పోవు భాగము. ఇదియే కత్తికి ప్రాణము. పిడి పొడవున చివరివరకు తోక పోయి, అడుగున మడత కొట్టియుండవలెను. లేదా రెండు చెక్కల నడుమ తోకను పెట్టి మూడుచోట్ల చిలలు దిగగొట్టియుండవలెను. మొదట ఇనుప పొన్ను ఉండుట మరియు మంచిది. రోకలికి పొన్ను ఎందుకో కత్తి పిడికిని అందుకే, కఱ్ఱ చీలకుండ పట్టియుంచుటకు. అలుగెంత మెరసినను, తోకను చూపింపలేని వర్తకునివద్ద కత్తి కొనరాదు.

ఇక లోహము. మా కమ్మరి మచ్చుకత్తిని లారీ కమాను పట్టీతో చేయును. మన దేశమున చాల కొలిముల పద్ధతి ఇదియే. బరువును మోసి వంగి మరల నిక్కవలసిన పట్టీ గనుక దానిని మంచి ఉక్కుతో చేయుదురు. అందులో బొగ్గుపాలు, అనగా కార్బనము, నూటికి అరపాలు మొదలు ఆరు పదవ వంతుల వరకు ఉండును. మెత్తని ఇనుములో అది ఇంచుమించు ఉండదు, కాబట్టి దానికి పదును నిలువదు. ఆకురాయిలో ఒకపాలుకు పైగా ఉండును, కాబట్టి పదును బాగుగా నిలుచును గాని ఎముక తగిలిన పుటుక్కున విరుగును. పాత ఆకురాళ్లతో చేసిన కత్తి కూరగాయలకు మేలు, కాళ్లకు కీడు. పూర్వము ఉక్కు ప్రియమైయుండినపుడు ఒడలంతయు మెత్తని ఇనుముతో చేసి, అంచుకు మాత్రము ఉక్కుతునకను కాచి అతికెడివారు. అరిగినపుడు మరల ఉక్కు వేయించుకొనెడివారు. గొడ్డలికి ఉక్కు వేయించుటయను మాట మన పల్లెలలో ఇప్పటికిని వినబడును.

ఇచ్చట ఒక చిన్న గర్వము చెప్పుకొనవచ్చును. 1795లో జార్జి పియర్సన్ అను ఇంగ్లీషు వైద్యుడు లండను రాయల్ సొసైటీకి భారతదేశపు ఉక్కును గురించి వ్యాసము సమర్పించినాడు. ఆ ఉక్కును ఆయన పిలిచిన పేరు 'ఊట్జ్'. మన ఉక్కు అను మాటయే, తెలుగు కన్నడములకు ఉమ్మడి సొమ్ము, ఆ నోటబడి అట్లైనదని పండితులలో పెక్కురు చెప్పుదురు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమునుండి అట్టి ఉక్కు పారశీక వర్తకుల వెంట దూరదేశములకు పోయి ఖడ్గములైనది. ఆ పద్ధతి అంతరించినది. మన మచ్చుకత్తి ఆ వంశమునకు చెందినదని చెప్పజాలము. అది లారీ వంశమునకు చెందినది.

స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులను గురించి పలువురు అడుగుదురు. అందులో క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ ఉండును. అందుచేత త్రుప్పు పట్టదు. నిమ్మకాయకును చింతపండుకును నల్లబడదు. మంచివి లేకపోలేదు. అయితే సంతలో తక్కువ ధరకు దొరకు పలుచని రేకులు మాత్రము పళ్లెములకు తగినవి, పదునుకు తగవు. కమ్మరి చేసిన కత్తికి త్రుప్పు పట్టును, అది నిజము. కాని రాతిమీద నాలుగుమార్లు లాగిన వెంటనే పదునెక్కును. త్రుప్పు తుడుచు ఓపిక గల ఇంటికి కమ్మరి కత్తియే మేలని మా అభిప్రాయము. ఓపిక లేనివారు స్టీలు కత్తి కొనుటలో తప్పు లేదు.

కత్తికి నీళ్లు పట్టించుట కొలిమిలో చూడదగిన పని. తుమ్మబొగ్గుల మంటలో అలుగును పండిన రేగుపండు రంగు వచ్చువరకు కాల్చుదురు. కమ్మరి కన్నే కొలత. ఈ రోజులలో కొందరు అయస్కాంతమును దగ్గర పెట్టి చూచుచున్నారు. సుమారు 770 డిగ్రీల వేడికి ఇనుము అయస్కాంతమునకు అంటుటను మానును, ఆపైన మరికొంచెము కాచినచో చాలును. అప్పుడు పట్టుకారుతో ఎత్తి నూనెలోనో నీటిలోనో ముంచుదురు. ముంచిన కత్తి గాజువలె పెళుసుగా నుండును. క్రిందపడినను విరుగవచ్చును. కాబట్టి దానిని రుద్ది తెల్లజేసి, మరల మెల్లగా వేడిచేయుదురు. అపుడు అలుగుమీద రంగులు నడచును. మొదట ఎండుగడ్డి పసుపు, పిమ్మట గోధుమరంగు, తరువాత వంగపూవు రంగు, చివరకు నీలము. పసుపురంగు 230 డిగ్రీల ప్రాంతమున, నీలము 300 డిగ్రీల ప్రాంతమున కనబడును. కూరగాయల కత్తిని పసుపువద్దనే ఆపుదురు. ఎముకలు కొట్టు కత్తిని వంగపూవు రంగు దాటి నీలము తొంగిచూచు వరకు రానిత్తురు. "మొండిదైతే నూరుకోవచ్చు సామీ, పెళుసుదైతే కంట్లో పడతాది" అని మా కమ్మరి చెప్పినాడు.

ఈ రంగులను జ్ఞాపకముంచుకొనుడు. వీధిలోనికి సైకిలుమీద సానచక్రము పెట్టుకొని వచ్చువారు కలరు. వారిలో నేర్పరులు నీరు చల్లుకొనుచు తేలికగా పట్టుదురు. తొందరపాటువాడు నిప్పురవ్వలు చిమ్మునట్లు అదిమి పట్టును. పిల్లలు ఆ రవ్వలను చూచి కేరింతలు కొట్టుదురు. కాని ఆ ఒరిపిడికి అంచు నీలమెక్కెనా, కూరగాయల కత్తికి కమ్మరి పెట్టిన పదును అక్కడితో పోయినట్లే. ఆపైన ఎంత నూరినను రెండు దినములు నిలువదు. సాన పట్టించునపుడు ప్రక్కన నిలిచి, అంచు చేతికి చుఱుక్కుమనకముందే నీటిలో ముంచుమని చెప్పవలెను.

ఇంటిలో నూరుకొనుటకు రాయి కావలెను గదా. కడపవారి ఇంట రాతికి కొదువ యేమియని అడుగుదురు. నిజమే, మన ఇండ్లలో అరుగులు, గట్లు, నేలలు, అలమరలు సమస్తము నాపరాళ్లే. అయితే ఆ బండ సున్నపురాతి జాతిది. ఉక్కుకంటె మెత్తనిది. దానిమీద ఎంత రుద్దినను కత్తి నున్నబడునేగాని పదునెక్కదు. ఉక్కును అరగదీయగలది పలుగురాతి రజను గల ఇసుకరాయి. అదియు మనకు దూరము కాదు. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతపు రాతిపొరలను పరిశీలించి గ్రంథము వెలువరించినపుడు, వానికి కడప, కర్నూలు అను మన ఊళ్ల పేర్లే పెట్టెను. నల్లమల కొండలలో పలుగురాతి పొరలు, కర్నూలు పొరలలో నాపరాయి. కత్తికి మొదటిది కావలెను, వంటింటి నేలకు రెండవది. అంగడిలో దొరకు కార్బొరండం రాయి, ఒక ప్రక్క గరుకు, ఒక ప్రక్క నున్న, అన్నిటికంటె సులభము. అదియు లేనినాడు పచ్చడి జాడీని బోర్లించి, అడుగున మెరుగులేని గరుకు అంచుమీద నాలుగుసార్లు లాగినచో ఆ పూటకు గడచును.

నూరునపుడు వాలు ముఖ్యము. మచ్చుకత్తిని సూదిగా నూరరాదు. బ్లేడువలె పలుచనైన అంచు ఎముకమీద మొదటి దెబ్బకే మడతపడును. వాలును కొలుచుటకు ఒక కాగితము చాలును. దాని మూలను సగమునకు మడిచినచో నలుబదియైదు డిగ్రీలు, మరల మడిచినచో ఇరువదిరెండున్నర. కూరగాయల కత్తిని ఈ రెండవ మడతకంటె కొంచెము పండబెట్టి, మచ్చుకత్తిని కొంచెము లేపి పట్టి నూరవలెను. ఒక ప్రక్క పది లాగుళ్లు, రెండవ ప్రక్క పది. అంచున ఒకవైపు పొర తిరిగినట్లు వ్రేలికి తెలిసినచో, రెండవవైపు తేలికగా రెండు లాగుళ్లు లాగి ఆపవలెను. వ్రేలిని అంచు వెంబడి పోనీయరాదు, అంచుకు అడ్డముగానే తాకి చూడవలెను.

పిడిని గురించి చెప్పకమానరాదు. మన సీమలో ఇది ప్రత్యేకమైన చిక్కు. కోస్తావారికి త్రుప్పు శత్రువు. మనకు ఎండ శత్రువు. ఏడాదికి ఆరేడువందల మిల్లీమీటర్ల వాన, వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన వడగాలి. ఈ పొడికి కఱ్ఱ కుంచించుకొనిపోవును. జనవరిలో బిగుతుగా నున్న పిడి మే నెలకు కదలును. అందుచేత వేసవిలో, ముఖ్యముగా మామిడికాయలు కొట్టుకాలమున, కత్తిని చేతబట్టిన ప్రతిసారి పిడిని ఒకమారు విదిలించి చూడవలెను. కదలుచున్న పిడిని కొందరు నీటిలో నానవేయుదురు. అపుడు ఉబ్బి బిగియును గాని, ఆరినంతనే మునుపటికంటె వదులగును. లోపల తోక త్రుప్పుపట్టును. తోకను తీసి, తుడిచి, లక్క కరగించి పోసి, పొన్ను బిగించి, చిలలు కొట్టించుటయే సరియైన పని. పిడికి బాగుగా ఎండిన నల్లతుమ్మ మంచిది. చేవ గలది, చీలదు, బండి చక్రములకును నాగళ్లకును అలవాటైన కఱ్ఱ. రెండు మూడు నెలలకొకసారి అవిసెనూనెను పిడికి పట్టించినచో కఱ్ఱ అంతగా పొడిబారదు. వేరుసెనగనూనె మన ఇంట సమృద్ధిగా నున్నను పిడికి పూయదగదు, అది ఆరక జిడ్డై కంపుకొట్టును.

కత్తికి తోడు మొద్దు. చింతమొద్దుకు సాటి లేదు. కసాయి అంగళ్లలో చూడుడు, ఎక్కడనైనను చింతమొద్దే. అది బరువైనది, పేడులు రేగవు, దెబ్బకు గుంటపడదు. నిలువుగా కోసిన పలక గాక అడ్డముగా కోసిన మొద్దును, అనగా వలయములు పైకి కనబడునట్టి దానిని, ఎన్నుకొనవలెను. అట్టి మొద్దుమీద కత్తి నరముల నడుమకు దిగి వచ్చును, అంచు చెడదు. నాపరాతి గట్టుమీద కొట్టుట కత్తికి హత్య. ఒక్క దెబ్బకు అంచు మడతపడును, రాతి పెచ్చు కూరలో పడును. మొద్దును వాడిన పిమ్మట కత్తి వీపుతో గీకి, ఉప్పు చల్లి రుద్ది, వేడినీటితో కడిగి, నిలువుగా ఆనించి గాలికి ఆరబెట్టవలెను. నేరుగా ఎండలో పెట్టినచో బీటలు వారును. పచ్చిమాంసము కొట్టిన కత్తితోను మొద్దుమీదను, కడుగకుండ ఉల్లిగడ్డలు కోయరాదు. కూర ఉడుకును గాని పచ్చి ఉల్లిగడ్డ ఉడుకదు గదా. మాంసపు రసములోని సూక్ష్మజీవులు దానితో కడుపులోనికి పోవును.

ఇక కొట్టు విధానము. కుడిచేయి పిడిని దగ్గరగా పట్టవలెను, బొటనవ్రేలు అలుగు వీపుమీద సాచరాదు. మోచేయి కొంచెమే లేవవలెను. తలపైకి ఎత్తి కొట్టుట సినిమాలలోని పని. కాళ్లనుగాని ఎముకలనుగాని కీలువద్ద తడిమి, అక్కడ కొట్టినచో సగము బలము చాలును. ఎముకలో దిగబడిన కత్తిని అటునిటు త్రిప్పి పీకరాదు, అంచు విరుగును. ముక్కతో సహా ఎత్తి మరల మొద్దుమీద దించవలెను. ఎడమచేతితో పట్టుటకు వీలులేని చిన్నముక్కకు కత్తిని పైన ఆనించి, వీపుమీద కఱ్ఱతో కొట్టుట క్షేమము. తడిచేయి, జిడ్డుచేయి తుడుచుకొనవలెను. కత్తి జారిపడినచో పట్టుకొనబోరాదు, కాళ్లు వెనుకకు తీసికొనవలెను. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి కత్తిని ఇయ్యరాదు, ఇచ్చినచో తగవులు వచ్చునని మా జేజి చెప్పెడిది. ఆమె క్రింద పెట్టుము, నేను తీసికొందును అనెడిది. తగవుల మాట ఎట్లున్నను వ్రేళ్లు మిగులును.

ఆ జేజియే కత్తిపీటకు తగిన గృహిణి. నేల కూర్చుండి, పీటను కుడికాలితో అదిమి, రెండు చేతులతో వంకాయను అలుగుకు ఒత్తినచో కంటికి తెలియకముందే ముక్కలు పళ్లెములో ఉండెడివి. కత్తి కదలదు, కాయ కదలును. అందుచేత చేతికి ఒడుపు దొరకును. పనసకాయకు ముందు అలుగుకు నూనె రాచెడిది. పని ముగిసిన వెంటనే పీటను ప్రక్కకు పడవేసి, అలుగును గోడవైపు త్రిప్పి పెట్టెడిది. నిలువుగా వదలిన కత్తిపీట, ప్రాకులాడు బిడ్డ ఉన్న ఇంట, నోరు తెరచిన పాము వంటిది. నిలుచుండి వండు గట్లు వచ్చిన పిదప కత్తిపీటలు అటకలెక్కినవి. మడత అలుగుతో వచ్చు పీటలు మేలు, కాని మడత చిల వదులైనచో అవియు నమ్మదగవు.

మాంసము తినని ఇండ్లవారు ఇదంతయు మాకెందుకని రేడియో కట్టివేయకుందురు గాక. వైశాఖమున ఆవకాయకు కాయలు కొట్టునది ఎవరు? టెంకతో కూడ చీల్చవలెను, జీడి తీయవలెను, పెంకు ముక్కకు అంటియుండవలెను. ఇంతకంటె కష్టమైన కోత వంటింటిలో మరియొకటి లేదు. దీనికి మచ్చుకత్తిని వాడువారి వ్రేళ్లే ఎక్కువగా తెగుచున్నవి, గుండ్రని కాయ జారును గనుక. పలకకు ఒకకొన బిగించి, రెండవకొన పిడితో ఎత్తి దించు పచ్చళ్ల కత్తి దీనికి సరియైనది. కాయను పొడవునకు నిలిపి పట్టి, టెంక అంచు అలుగు క్రిందికి వచ్చునట్లు పెట్టవలెను. మామిడి పులుపు ఉక్కును నల్లజేయును, ముక్కకు ఇనుపవాసన తగులును. పది కాయలకొకమారు పొడిగుడ్డతో అలుగును తుడుచుచుండవలెను. పని కాగానే కడిగి, తుడిచి, ఆముదము పలుచగా పూసి పెట్టవలెను.

ఎంత జాగ్రత్తపడినను గాయమగుట కలదు. అప్పుడు మన ఇండ్లలో పసుపు తెమ్మని ఒకరు, సున్నము తెమ్మని ఒకరు, కాఫీపొడి అద్దుమని మరియొకరు కేకలువేయుదురు. ఏదియు వలదు. శుభ్రమైన నీటిక్రింద కడిగి, ఉతికిన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండెకంటె ఎత్తున నిలిపి, పది నిమిషములు గడియారము చూచి పట్టవలెను. నిమిషమునకొకసారి గుడ్డ తీసి చూచినచో గడ్డకట్టిన రక్తము మరల చెదరును. లోతైన గాయమైనచో, వ్రేలు ముడువలేకపోయినను, తిమ్మిరెక్కినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. త్రుప్పువలన ధనుర్వాతము వచ్చునని అందురు. త్రుప్పుకు ఆ శక్తి లేదు. మట్టిలోను పేడలోను ఉండు సూక్ష్మజీవి దానికి కారణము. కాబట్టి తళతళలాడు కత్తి తెగినను, ఇంజక్షను సంగతి వైద్యుని అడుగవలెను. దైవవశమున వ్రేలి తునుకయే తెగిపడినచో, దానిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి, ఆ సంచిని మంచుగడ్డలలో పెట్టి వెంట తీసికొనిపోవలెను. మంచు నేరుగా తునుకకు తగులరాదు. 2005 నుండి మన రాష్ట్రమున నడచుచున్న 108 వాహనము సంఖ్య ఇంటిలో చిన్నవారికిని తెలిసియుండవలెను.

వేటకొడవలి మాట ఎత్తక ఈ ప్రసంగమును ముగించినచో, శ్రోతలు మమ్ము పిరికివారనుకొందురు. వంపు తిరిగిన అలుగు, పొడవాటి పిడి. జాతరనాడు వేట ఒక్క దెబ్బకు తెగవలెనని, మూగజీవి బాధపడరాదని దానికి ఆ రూపము వచ్చినది. ఆ పనిముట్టును ఇరుగుపొరుగు కక్షలలో మనుష్యులమీదికి ఎత్తిన దినములు మన రెండు జిల్లాలలో ఉన్నవి. దానిని దాచవలసిన పనిలేదు. ఏడ్చిన తల్లులు మన ఊళ్లలోనే ఉన్నారు. కాని 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర వంటి చిత్రములు వచ్చిన పిదప, తెరమీద వేటకొడవలి లేని రాయలసీమ లేకపోయెను. మా ఇంటి పిల్లవాడు హైదరాబాదులో చదువుటకు పోయినపుడు తోడివారు మొదట అడిగిన ప్రశ్న, "మీ ఇంట్లో ఎన్ని కొడవళ్లున్నాయి?" అని. వాడు సెలవులకు వచ్చి, అటకమీది దానిని పారవేయుమని మాతో వాదించెను. అది మా మామగారిది. ఏడాదికొకసారి పెద్దమ్మ జాతరకు దిగి, కడిగి, ఆముదము పూసుకొని మరల అటకెక్కునది. మనిషి నెత్తురు ఎరుగనిది.

చట్టము ఈ విషయమున పిల్లవానికంటె నిదానముగా ఆలోచించినది. 1959 నాటి ఆయుధముల చట్టమునకు 1962లో ఏర్పడిన నియమములలో, తొమ్మిది అంగుళములకు మించిన పొడవుగాని రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగులను ఆయుధములలో చేర్చిరి. కాని ఇంటిపనికిని సేద్యమునకును చేసినవానిని మినహాయించిరి. 2016 నాటి కొత్త నియమములును ఆ మినహాయింపును నిలిపినవి. అయినను పదును పెట్టించుటకు కొలిమికి తీసికొనిపోవునపుడు గోనెలో చుట్టి, త్రాడు కట్టి, పని ముగిసినంతనే నేరుగా ఇంటికి తెచ్చుట మంచిది. చేతబట్టుకొని బస్సెక్కినవానిని చూచి ప్రక్కవాడు జంకుటలో వాని తప్పేమియు లేదు. కమ్మరులును ఇప్పుడు ముఖమెరుగనివారికి దీనిని చేసి ఇయ్యరు. "కొడవలి అడగను వచ్చినోన్ని యే వూరప్పా, యెవురి బిడ్డవు అని అడుగుతా. చెప్పకుంటే కొలిమిలో బొగ్గుల్లేవంటా" అని మా కమ్మరి చెప్పినాడు.

పిల్లవానితో వాదము మూడు దినములు నడచెను. చివరకు మేమందరము కలిసి ఆ కొడవలిని దించి, గోనెలో చుట్టి కొలిమికి తీసికొనిపోతిమి. కమ్మరి దానిని వ్రేలితో మీటి విని, "పాతకాలం ఉక్కు, పారేస్తే పాపం సామీ" అనెను. వంపును కాచి సరిచేసి, పొడవు తగ్గించి, ఇంటికి పనికివచ్చు మచ్చుకత్తిగా మార్చమని పిల్లవాడే అడిగెను. కొలిమిలో తిత్తిని త్రొక్కినదియు వాడే. మొదటి కాపులో అలుగు వంగనే లేదు. రెండవ కాపులో సమ్మెట దెబ్బకు దారికి వచ్చెను. మిగిలిన కొనతుంపుతో కమ్మరి మా పిల్లకు చిన్న కొబ్బరికోరు చేసి ఇచ్చెను. పిడికి తుమ్మకఱ్ఱ మాత్రము ఇంకను పచ్చిగా నున్నదనియు, అది ఆరువరకు రెండు సంతలు ఆగి రమ్మనియు చెప్పెను. తోక చివరవరకు పోవలెనని మేము మరల ఒకమారు జ్ఞాపకము చేసి వచ్చితిమి.